అల్లుని పేరు చెప్పని వాడకట్టు

కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా అడుగుతరు, "మేడం, మీరు గెలిచిన పెద్ద కేసేది?" అని. గెలిచిన కేసులు చెప్పబోతే నాకే ఆవలింతలొస్తయి. అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి. అందులో నేను తెలివైనదాన్ని, అవతలి వకీలు తెలివితక్కువోడు. సగం గెలిచి సగం పోగొట్టుకున్నది ఒకటుంది, కోర్టుకు పోవుడు మానేసే ముందు చేసిన ఆఖరి కేసుల్లో ఒకటి. అది చెప్త.

ముందు నా సంగతి కొంచెం. మాది స్టీలు సామాను కొట్టు, కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర. బడి నుంచి వచ్చి గల్లా పక్కన స్టూలేసుకుని హోంవర్కు చేసుకునేదాన్ని. పాత ఇత్తడి తెచ్చి కొత్త బిందెలు పట్టుకపోయే ఆడవాళ్లు, వాళ్లతో మా బాపు చేసే బేరం, అదే నా అసలు చదువు. లా కాలేజీ ఆ తర్వాతిది. ఆ బేరాల రోగం ఇప్పటికీ వదల్లేదు. నా పెండ్లికి ముహూర్తం పెట్టిన అయ్యగారితో కూడా, మరీ తెల్లవారుజామునైతే చుట్టాలకు ఇబ్బంది, జర ఇటు జరపండని బేరమాడిన. ఆయన జరిపిండు. ఆ ముహూర్తం జరపకపోయి ఉంటే నా కథ ఇంకోతీరుగ ఉండేదని మా ఇంటాయన ఇప్పటికీ అంటడు. ఏ తీరుగనో మాత్రం చెప్పడు.

పేదోళ్లకు ఉచితంగా వకీలును చూపెట్టే దఫ్తరు మా కోర్టు ఆవరణలోనే ఉంది. అక్కడి వకీళ్లలో నేనూ ఒకదాన్ని. ఒక పొద్దున ఆ దఫ్తరు ముందర ఆటో ఆగింది, పెద్దపల్లి తొవ్వలో ఉన్న ఒక ఊరి నుంచి. దిగుతున్న ఆడవాళ్లను చూస్తే ఇంతమంది ఎట్ల పట్టిండ్రా అనిపించింది. అందరూ ఒకే వాడకట్టు, అంటే ఒకే గల్లీ వాళ్లు, అందరూ బీడీలు చుట్టేటోళ్లు. బీడీ కార్ఖానా లెక్కలో పేరుంటే పీఎఫ్ జమ అవుతది. ఏండ్లకేండ్లు ఆకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, ఇంక చేతులు ఆడవు అనుకున్నప్పుడు వచ్చే సొమ్ము అదొక్కటే. కొందరు పని మానేసి పూర్తిగ తీసుకున్నరు, కొందరు అడ్వాన్సు తీసుకున్నరు. తీసుకున్నదంతా ఫోన్లో ఉండే ఒక కాయిన్ల, బిట్‌కాయిన్ అసొంటి దాంట్ల పెట్టిండ్రు. యాప్‌లో డాలర్లు రోజూ పెరిగినయి. తీసుకుందామంటే రాలేదు. తర్వాత ఆ యాపే తెరుచుకోవుడు బందయింది.

"ఎవరు పెట్టిచ్చిండ్రు?" అని అడిగిన.

"ఫోన్ల ఎవలో మాట్లాడిండు మేడం. మొగ గొంతు. ఎవలో తెల్వది," అన్నది ముందర నిలబడ్డామె.

రెండో ఆమె కూడా అంతే, మాటకు మాట. మూడో ఆమెను నేను ఊరి పేరు అడుగుతే, "మొగ గొంతు మేడం," అన్నది. వెనక ఎవరో మోచేత్తో పొడిచిండ్రు.

వాళ్లలో పెద్దామె, తల ముగ్గుబుట్టయిన ముసలవ్వ, బెంచీ చివర కూర్చుంది. పని మానేసి, మొత్తం పీఎఫ్ తీసుకుని, ఇంక కూర్చుని తింటననుకున్న మనిషి ఆమె. "అవ్వా, నీక్కూడ అదే గొంతేనా?" అన్న.

"గదే బిడ్డా. మంచిగనే మాట్లాడిండు."

ఒక మోసగాని గురించి అంత మర్యాదగ చెప్పిన బాధితురాలిని నేను అంతకుముందు చూడలేదు. అప్పుడే అనుమానం రావాలె. వచ్చింది కూడా. కానీ ఆరోజు నాకు ఇంకో రెండు వాయిదాలున్నయి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పట్టుకపోయిన.

బార్ రూములో చాయ్ దగ్గర మా సీనియర్ ఒకాయన ఆ కాగితం చూసి నవ్విండు. "కాయిన్ అంటే నీకు చారాణ, ఆఠాణ తెలుసు. ఇదేం కాయినమ్మా?"

"చారాణ అయినా డాలర్ అయినా బేరం ఒక్కటే కద సార్," అన్న.

"చెల్లని చారాణ మీదేం బేరం చేస్తవు?" అని బిస్కెట్ ముంచుకున్నడు.

సైబర్ ఠాణాలో ఇన్‌స్పెక్టర్ చిన్న వయసాయన, కంటి కింద నల్లగ, ఎప్పుడు చూసినా నిద్ర బాకీ ఉన్నట్టు ఉంటడు. కాగితం చదివి పక్కన పెట్టిండు. "మేడం, దీంట్ల ఖాతా నంబరు లేదు, ఫోన్ నంబరు లేదు. గాలిని పట్టుకొచ్చి లోపలేయమంటరా?"

తర్వాత ఓపికగ నాకు పాఠం చెప్పిండు, మీకూ పనికొస్తది. కాయిన్ దేశం దాటిపోతది. దాని వెంట పోవుడు మనతో కాదు. కానీ కాయిన్ కొనాలంటే ముందు రూపాయలు ఇయ్యాలె, ఆ రూపాయలు మన దేశంలనే ఎవరో ఒకరి బ్యాంకు ఖాతాలో పడతయి. ఆ ఖాతా దొరికితే, అందులో ఏమన్న మిగిలి ఉంటే, బ్యాంకుతో పట్టి ఉంచొచ్చు. కోర్టు చెప్తే వాపస్ తేవొచ్చు. "ఎంత జల్ది వస్తే అంత దొరుకుతది. వీళ్లు ఎవరికి పైసలిచ్చిండ్రో అడగండి. ఫోన్ల మాట్లాడినోనికి ఎవరూ ఇయ్యరు. చేతికి ఇచ్చి ఉంటరు."

మర్నాడే ఆ ఊరికి పోయిన. వాడకట్టు మొత్తం అరుగుల మీద బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ముసలవ్వ కూడా చాట పట్టుకుంది. మానేసిన పని మళ్ల మొదలుపెట్టిందన్నమాట. నేను అరుగు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పిన. పైసలు ఒక మనిషి చేతికి ఇచ్చిండ్రు, ఆ మనిషి ఫోన్ నుంచి బయటికి పోయినయి. ఆ మనిషి ఎవరో తెలిస్తేనే తొవ్వ దొరుకుతది. ఇయ్యాల చెప్పకపోతే రేపు చెప్పినా లాభం ఉండదు.

కత్తెరల చప్పుడు ఆగింది. ఒకామె ముసలవ్వ దిక్కు చూసింది.

"మా అల్లుడు బిడ్డా," అన్నది ముసలవ్వ.

"నీ అల్లుడా?"

"వాడకట్టు అల్లుడు."

సంగతేందంటే, ఆ గల్లీలో ఒక పిల్లకు తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయిండ్రు. అన్నదమ్ములు లేరు. వాడకట్టే పెంచింది, వాడకట్టే పెండ్లి చేసింది. ఖానాపూర్ దిక్కు పిల్లగాణ్ని ఇల్లుటం తెచ్చుకున్నరు, అంటే అత్తగారింట్లోనే ఉండేటట్టు. అందుకని అతను అందరికీ అల్లుడే. గల్ఫ్‌లో కొన్నాళ్లు చేసి వచ్చిండు. అక్కడ రూములో నేర్చుకున్నడు ఈ కాయిన్ సంగతి. ముందు తన పైసలు పెట్టిండు, తర్వాత అత్తలందరివీ పెట్టిచ్చిండు.

"ఠాణాల అల్లుని పేరు ఎట్ల చెప్తం మేడం?" అన్నది ఒకామె. "రేపు ఆయనను లోపలేస్తే? అండ్లకెంచి వచ్చి ఖానాపూర్ ఎల్లిపోతే? మా పిల్ల గతేంది?"

ఇప్పుడు నా ముందర ఉన్న చిక్కు మీకు అర్థమైందనుకుంట. పేరు చెప్తే పైసలకు తొవ్వ దొరుకుతది, అల్లుడు జైలుకు పోవచ్చు. చెప్పకపోతే అల్లుడు మిగులుతడు, చేతులు పడిపోయిన ముసలోళ్ల సొమ్ము పోతది. వాళ్లు ఈ బేరం నేను రాకముందే చేసుకుని, రెండోదానికి ఒప్పుకుని కూర్చున్నరు. కొట్టులో పుట్టినదాన్ని, రెండు వస్తువుల్లో ఒకటే తీసుకోవాలంటే నాకు నచ్చదు. రెండూ కలిపి రేటు చెప్పమంట.

అల్లుని ఇంటికి పోయిన. సన్నటి మనిషి, గడ్డం పెరిగి ఉంది. భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతిలో చిన్న గుడ్డసంచి. నన్ను చూడంగనే అతను, "మీకెందుకు తక్లీఫ్ మేడం, మొత్తం వాపస్ వస్తున్నయి," అన్నడు. ఫోన్లో ఒక ఢిల్లీ వకీలు దొరికిండట. పోయిన కాయిన్‌ను వెతికి పట్టుకొచ్చే కంపెనీ అట. వచ్చేదాంట్ల నూటికి ఇరవై ఫీజు, అది ముందుగాల కట్టాలె. ఆ గుడ్డసంచిలో ఉన్నది భార్య మెడలోని గొలుసు. దాన్ని కుదువబెట్టడానికి మార్వాడీ దగ్గరికి బయల్దేరిండ్రు.

"ఫోన్ కలుపు, నేను మాట్లాడత," అన్న. "మీ అక్కననుకో. ఫీజు తగ్గిస్త."

స్పీకర్ పెట్టి, నాకొచ్చిన హిందీలో మొదలుపెట్టిన. ఇరవై ఎక్కువ, పదైదు చెయ్యన్న. చేసిండు. నాకు సంబురమైంది. పది అన్న. "ఠీక్ హై మేడం." ఐదు అన్న. దానికీ సరే అన్నడు. అప్పుడు నా సంబురం చల్లబడింది.

మా బాపు ఒక బిందె మీద పది రూపాయలు తగ్గించాలంటే ముందు దాన్ని మళ్ల తూకమేసేది, హోల్‌సేల్ వాణ్ని తిట్టేది, ఒకసారి బయటికి చూసి నిట్టూర్చేది. అంతా నాటకం కాదు, వస్తువుకు ఆయన పెట్టిన ధర ఒకటుంటది, దాని కిందికి దిగలేడు. ఈయనకు ఆ ధరే లేదు. కొట్టులో బిందె లేదన్నమాట.

"భాయ్‌సాబ్, ఐదు కాదు, యాభై ఇస్త," అన్న. "సగం మీదే. కానీ మా పైసలు వచ్చినంక, అందులోంచి కోసుకోండి."

 ఫోన్ కట్టయింది.

అల్లుడు ఫోన్ దిక్కే చూస్తుండు. భార్య గుడ్డసంచి విప్పి గొలుసు మెడలో వేసుకుని, లోపలికి పోయి నాకు మంచినీళ్లు తెచ్చింది. అతనికి తేలేదు.

"ఆ కాయినోళ్లు కూడ లాభం గింత అలకగనే ఇస్తమన్నరు మేడం," అన్నడు. "నాకే సమజ్ కాలే."

"నాకూ మూడు సార్లు తగ్గినంక గాని కాలేదు," అన్న. అది నిజం.

నేను అతనికి చెప్పింది ఇది. వాళ్లు నీ పేరు చెప్పే దాకా ఉండకు. నువ్వే పో. నీ పైసలూ పోయినయి, నువ్వూ ఫిర్యాదు చేసేటోనివే. నీ ఖాతా నుంచి ఎవరికి పోయినయో అన్నీ చూపెట్టు. ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడే పని నాది. "లోపలేస్తరా?" అని అడిగిండు. వెయ్యరని నేను మాటియ్యలేదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి, మన చేతిలో లేనిది ఎన్నడూ అమ్మొద్దు.

వాయిదాల కంటే గట్టిగ గుర్తున్న రోజు అదే. ఠాణాకు అతను, భార్య, వాళ్ల వెనక అదే ఆటో నిండా అత్తలు. ఇన్‌స్పెక్టర్ అతని ఫోన్ చూసుకుంట పోయిండు. రూపాయలు పోయిన ఖాతాలు దొరికినయి. ఒకదాంట్ల ఇంకా ఏదో ఉంది, దాన్ని పట్టి ఉంచమని అప్పటికప్పుడు బ్యాంకుకు రాసిండు. నేను లోపల్లోపల సంబురపడుతున్న. అప్పుడు ఆయన ఫోన్ నా దిక్కు తిప్పిండు.

"ఇదేంది మేడం? ఒక్కొక్కరిని చేర్పిచ్చినందుకు ఈయనకు బోనస్ పడ్డది. ఒకసారి బయటికి కూడ తీసుకున్నడు. బాధితుడు అంటరు, మరి ఇది ఏజెంట్ పని కాదా?"

 అల్లుడు ఈ సంగతి నాతో చెప్పలేదు. అతని భార్యకు కూడా తెల్వదని ఆమె మొహం చూస్తే అర్థమైంది.

"ఏం చేసినవు ఆ పైసలు?" అని అడిగిండు ఇన్‌స్పెక్టర్.

 బెంచీ మీది నుంచి ముసలవ్వ అన్నది, "మేమే తిన్నం సారూ."

"ఏంది?"

"దావత్ ఇచ్చిండు. యాటను కోసిండు, వాడకట్టు మొత్తం తిన్నం. ఫోన్ల కెంచి పైసలొస్తయని మాకు నమ్మకమైంది గప్పుడే."

"నేను రెండు సార్లు వడ్డిచ్చుకున్న," అన్నది పక్కామె, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"తునకలు, బొక్కలు మా ఇంటికి గూడ పట్టుకపోయిన," అన్నది ఇంకొకామె.

ఇన్‌స్పెక్టర్ కలం కింద పెట్టి మొహం తుడుచుకున్నడు. ఆయన నవ్వుతుండో, అలిసిపోయిండో నాకు తెలియలేదు. వకీలుగా నాకు తెలుసు, ఆ దావత్ అతని మీద గట్టి సాక్ష్యం. నమ్మించడానికి చేసిందే కద. కానీ తిన్నోళ్లందరూ ఒక బెంచీ మీద కూర్చుని, మాదీ సగం పాపమే అంటుంటే ఎవరి మీద రాస్తరు?

నేను బేరం మొదలుపెట్టిన. పారిపోలేదు, తనంతట తనే వచ్చిండు, ఖాతాలు దొరికింది ఇతని ఫోన్ల నుంచే. ఇతన్ని లోపలేస్తే మీ సాక్షి పోతడు. ఇన్‌స్పెక్టర్ మా బాపు లెక్కనే చేసిండు. చట్టం తీసి చూసిండు, పైవాళ్లను తిట్టిండు, కిటికీలోంచి బయటికి చూసిండు. చివరికి ఇంతకు దిగిండు: ఫిర్యాదుదారుగానే తీసుకుంట, కానీ నోటీసు ఇస్త, పాస్‌పోర్టు ఇక్కడ పెట్టాలె, పిలిచినప్పుడల్లా రావాలె, విచారణలో ఇంకేమన్న బయటపడితే నన్ను అనొద్దు. న్యాయమైన ధరే. ఒప్పుకున్న.

పోయినదాంట్ల ఆ ఖాతాలో పట్టుబడింది రూపాయికి ఏడాణాలు లెక్క, అంటే సగానికి జర తక్కువ. మిగతావి ఎన్ని చేతులు మారినయో, ఇప్పటికీ విచారణలోనే ఉన్నయి. పట్టుబడినంత వరకు వాపస్ ఇయ్యమని కోర్టులో పిటిషన్ వేసిన. చిక్కేందంటే, బ్యాంకు లెక్క ప్రకారం ఆ రూపాయలన్నీ అల్లుని ఖాతా నుంచే పోయినయి, వచ్చేది కూడా అతని ఖాతాకే. అత్తల పేర్లు ఎక్కడా లేవు.

జడ్జి గారు వాళ్లను పిలిపించి అడిగిండు, "ఈ సొమ్ము ఈయన ఖాతాలో వేస్తే మీకేమన్న అభ్యంతరమా?" లేదు సార్ అనమని నేను ముందే చెప్పి ఉంచిన. అందరూ అట్లనే అన్నరు. ముసలవ్వ వంతు వచ్చేసరికి ఆగింది.

"అభ్యంతరం ఏం లేదు సారూ. కని మా పిల్ల ఖాతాల వెయ్యరాదుండ్రి?"

అల్లుణ్ని ఒక్క మాట అనకుండ, సొమ్ము మాత్రం అతని చేతిలో పడకుండ. నేను ఏండ్ల తరబడి కోర్టులో చేసిన బేరాల్లో అంత సున్నితమైంది లేదు. జడ్జి గారు నా దిక్కు చూసిండు. నేను సరేనని తల ఊపబోతున్న. ఇంతల వెనక నుంచి భార్య ముందుకు వచ్చింది.

"నా ఖాతాల వద్దు సార్. ఆయన ఖాతాలనే వెయ్యిండ్రి. తీసుకునేటప్పుడు ఇంటింటికి ఆయనే పోయిండు. ఇచ్చేటప్పుడు గూడ ఆయనే పోవాలె. నా చాటుకు నిలవడుడు వద్దు."

కోర్టులో అటెండరు కూడా అటే చూస్తుండు. జడ్జి గారు అల్లుణ్ని అడిగిండు, "నువ్వేమంటవు?"

"పోత సార్," అన్నడు.

అందరికీ పంచి, రసీదులు తెచ్చి కోర్టులో దాఖలు చెయ్యాలని ఆర్డరు ఇచ్చిండు. రసీదుల పని నాది. అందుకని పంచే రోజు నేనూ ఆ గల్లీకి పోయిన. నేను ఊరికే పోలేదు. సంచిలో రసీదులతో పాటు ఇంకో కాగితం ఉండె, నేను టైపు చేయించుకుని పోయింది. మిగతా తొమ్మిదాణాలు అల్లుడు నెలనెలా ఇంతని కట్టేటట్టు, ఇద్దరు సాక్షులతో, ఎక్కడా సందు లేకుండ రాసిన ఒప్పందం. ముసలోళ్ల సొమ్ము సగానికి ఎక్కువ పోతుంటే చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు నేను. ఆ కాగితం మీద నాకు జర గర్వమే ఉండె.

అతను ఇల్లిల్లూ తిరిగిండు. ప్రతి గడప దగ్గరా చెప్పులు విడిచి లోపలికి పోయి ఇచ్చి వచ్చిండు. ఒక ఇంట్లో మాట్లాడలేదు, ఒక ఇంట్లో తిట్టిండ్రు, అది గల్లీ అంతా వినపడ్డది. భార్య తన అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టుకుంటనే ఉంది, కళ్లు మాత్రం అతని వెనకనే. ఆఖరికి ముసలవ్వ ఇల్లు. ఆమె ఒళ్లో చాట దించకుండనే నోట్లు తీసుకుని నడుముకు దోపుకుంది. రసీదు మీద వేలిముద్ర వేసింది.

"మిగిలినయి నేను కడ్త అత్తా," అన్నడతను. "జర టైమియ్యి."

నా చెయ్యి సంచిలోకి పోయింది.

"ఏడికెంచి కడ్తవు?" అన్నది ముసలవ్వ, ఆకు కత్తిరించుకుంట.

"హమాలి చేస్త. పాస్‌పోర్టు ఇస్తే మళ్ల గల్ఫ్ పోత."

"నువ్వు ఏడికన్న పో. నీ కమాయి అంత నాకే తెచ్చిస్తే ఇంట్ల బియ్యం ఎవలు తేవాలె? నూనె ఎవలు తేవాలె? మా పిల్లనే కద. దానికి వచ్చేది బీడీలు చుట్టుడే." కత్తెర ఆపింది. "నా పీఎఫ్ నింపుతందుకు అది నడుములు పడిపోయేదాంక చుట్టుకుంట కూసోవాల్నా? నాకద్దు ఆ పైసలు."

"అట్లెట్ల అత్తా?"

"అట్లనే. కేసుల దొరికితే తెచ్చియ్యి. దొరకకుంటే నేనింక రెండేండ్లు చుట్టుకుంట. చేతులు ఇంక ఆడుతనే ఉన్నయి."

అతను గడపలో నిలబడే ఉన్నడు. ముసలవ్వ నా దిక్కు తిరిగింది.

"ఇంకేమన్న ముద్ర వెయ్యాల్నా బిడ్డా?"

నా వేళ్ల కింద ఆ కాగితం మడత తగులుతనే ఉంది.

"లేదవ్వా," అన్న. "అయిపోయింది."